పదిహేడు అక్షరాల్లో ఒక నిర్ణయం

మబ్బు పట్టింది. దండెం మీద బట్టలున్నాయి. సగం ఆరాయి, సగం ఇంకా తడిగానే ఉన్నాయి. తీస్తే ముక్క వాసన, తీయకపోతే వాన. మీరు గుమ్మంలో నిలబడి ఆకాశం వంక ఓసారి, బట్టల వంక ఓసారి చూస్తారు. చూస్తుండగానే మొదటి చినుకు పడుతుంది. అప్పుడు పరుగెత్తుతారు.

బట్టలైతే పోనీ, మళ్ళీ ఆరేసుకోవచ్చు. మీ జీవితంలో ఇంకా ఏమేం అలా దండెం మీద ఉండిపోయాయి? ఉద్యోగం మారాలా, ఉన్నచోటే ఉండాలా? చూసి వెళ్ళిన సంబంధానికి ఏ మాటా ఎందుకు చెప్పలేకపోతున్నారు? ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మను తీసుకొచ్చేయాలా, ఆవిడ ఇష్టానికి వదిలేయాలా? ఆపేసిన చదువును ముప్పై అయిదేళ్ళకు మళ్ళీ మొదలుపెట్టాలా? "చూద్దాం" అని ఎన్నాళ్ళ నుంచి అంటున్నారు?

నాకూ ఈ నాన్చుడు ఉండేది. ఒకసారి రెండు ఊళ్ళలో రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. కాగితం మధ్యలో గీత గీసి లాభనష్టాలు రాసుకుంటూ పదిహేను రోజులు కూర్చున్నాను. రెండు వరసలూ సమానంగా పెరుగుతూ పోయాయి. పదహారో రోజున ఒక ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. మిగిలినదాంట్లో చేరాను. అది చెడ్డ ఉద్యోగమేమీ కాదు. కానీ దాన్ని నేను ఎంచుకోలేదు, నాకు మిగిలిందంతే. ఆ బాధ చాలా ఏళ్ళు ఉండిపోయింది.

దాంట్లోంచి నన్ను బయటికి లాగింది చిన్న కవిత. నిజంగా చిన్నది, మూడు పాదాలది. ఈ అధ్యాయంలో మీకు ఇవ్వాలనుకుంటున్నది అదే. మీరు కవి కానక్కర్లేదు. పదిహేడు దాకా లెక్కపెట్టడం వస్తే చాలు.

ఎందుకు చిన్న కవిత?

ఈత నేర్చుకునేవాళ్ళు వరద గోదాట్లో దూకరు. నడుముకు బెండు కట్టుకుని ఊరి బావిలో దిగుతారు. నిర్ణయం తీసుకోవడం కూడా ఈత లాంటిదే, సాధనతో వచ్చే పని. మరి మనం చేస్తున్నదేమిటి? ఏ రోజూ సాధన చేయకుండా, ఏకంగా పెళ్ళి దగ్గరో ఇంటి కొనుగోలు దగ్గరో మొదటిసారి నీళ్ళలో దిగుతున్నాం.

చిన్న కవిత ఆ బెండు. దాంట్లో చోటు తక్కువ. రెండు మంచి మాటలు తోస్తే ఒకదానికే చోటుంటుంది, రెండోదాన్ని వదులుకోవాలి. వదులుకున్నా ఎవరికీ నష్టం లేదు. పది నిమిషాల్లో పది చిన్న నిర్ణయాలు తీసుకుంటారు, పదీ తట్టుకుంటారు. రోజూ చేస్తే వదులుకోవడమంటే ఉన్న భయం తగ్గుతుంది.

మన తెలుగులో ఇందుకు రెండు రూపాలు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి.

హైకూ జపాన్ నుంచి వచ్చింది. మూడు పాదాలు: అయిదు, ఏడు, అయిదు. కాకినాడ కవి ఇస్మాయిల్ వంటి వాళ్ళు దాన్ని తెలుగులో మన సొంతం చేశారు. నానీ మన దగ్గరే పుట్టింది. 1997లో ఆచార్య ఎన్. గోపి మొదలుపెట్టారు. నాలుగు పాదాలు, మొత్తం ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. సాధారణంగా మొదటి రెండు పాదాల్లో ఒక భావం, చివరి రెండింట్లో ఇంకో భావం. నావీ నీవీ కలిస్తే నానీలు అని ఆయనే చెప్పారు.

లెక్క ఎలా? ఇక్కడ గురువు, లఘువు, గణాల జోలికి పోనక్కర్లేదు. పలికే ప్రతి అక్షరం ఒకటి. ఒత్తు ఉన్నా ఒకటే, దీర్ఘమైనా ఒకటే. "మబ్బు" రెండు. "మంచు" రెండు. పొల్లు విడిగా లెక్కకు రాదు కాబట్టి "హైదరాబాద్" నాలుగు. "విజయవాడ" అయిదు, అంటే ఆ ఊరి పేరే ఒక హైకూ పాదం. జపనీయుల లెక్క వేరు. "నిప్పోన్" అనే మాట మనకు రెండక్షరాలు, వాళ్ళకు నాలుగు. మన పదిహేడులో వాళ్ళ పదిహేడు కంటే ఎక్కువ పడుతుంది. అందుకని ఒకటో రెండో తగ్గితే దిగులుపడకండి.

ఏడు మెట్లు

1. పది నిమిషాలు పక్కన పెట్టండి.

జేబులో పట్టే నోటుబుక్కు, ఒక పెన్ను, ఫోన్లో పది నిమిషాల అలారం. అలారం మోగగానే రాసింది పూర్తయినట్టే. నాన్చేవాళ్ళకు గడువు శత్రువులా కనిపిస్తుంది. ఇక్కడ అది నేస్తం.

2. కళ్ళ ముందున్న వస్తువుతో మొదలుపెట్టండి.

"నా మనసులో అయోమయం" అని మొదలుపెడితే అక్కడే తిరుగుతూ ఉంటారు. మనసులో ఉన్నదాన్ని ఎటైనా సాగదీయవచ్చు. కిటికీలోంచి కనిపించేదాన్ని సాగదీయలేం. స్టవ్ మీద పాలు, గేటు మీద కాకి, మెట్ల మీద ఒంటి చెప్పు, ఏదైనా సరే. ఒకరోజు నేనూ బట్టల వంక చూస్తూ గుమ్మంలో నిలబడినప్పుడు రాసుకున్నది ఇది:

మబ్బు పట్టింది
దండెం మీది బట్టలు
తీయనా వద్దా

3. వేళ్ళ మీద లెక్కపెట్టండి.

పైకి పలుకుతూ, ఒక్కో అక్షరానికి ఒక్కో వేలు మడవండి. అయిదు, ఏడు, అయిదు. వేళ్ళు పనిలో ఉన్నంతసేపు "అదైతే ఎలా, ఇదైతే ఎలా" అనే గొణుగుడు కాస్త వెనక్కి తగ్గుతుంది. ఇవాళ రాత్రి చేసి చూడండి, మీకే తెలుస్తుంది.

4. రెండు మాటల్లో ఒకదాన్ని కొట్టేయండి.

అసలు సాధన ఇక్కడే. రెండో పాదానికి నాకు రెండు తోచాయి: "దండెం మీది బట్టలు", "ఆరేసిన బట్టలు". లెక్క చూడండి, రెండూ ఏడే. లెక్క మీ తరఫున నిర్ణయించదు, మీరే తేల్చాలి. ఒక్క నిమిషం తీసుకోండి. నాకు దండెం కనిపించింది, గాలికి ఊగుతూ. దాన్ని ఉంచాను. రెండోదాని మీద ఒక్క గీత కొట్టాను. పూర్తిగా చెరిపేయకండి. వదులుకున్నది కూడా కనిపిస్తూ ఉండాలి. అది కాగితం మీద అలాగే ఉన్నా మీకేమీ కాలేదని కళ్ళు నేర్చుకోవాలి.

5. చివరి పాదాన్ని ముందుగా అనుకోకండి.

మొదటి రెండు పాదాలు రాసి పెన్ను ఆపండి. మూడోది ఏమొస్తుందో మీకు తెలియదు. తెలియని చోట ఒక్క నిమిషం నిలబడటమే ఈ మెట్టు. ఊపిరి పీల్చుకోండి. తోచిన మొదటి అయిదు అక్షరాలు రాసేయండి.

6. ముగింపులు రెండు రాసి, ఒకటి ఉంచండి.

నా "తీయనా వద్దా" నిజమే, కానీ అది ఇంకా గుమ్మంలోనే ఉంది. అందుకని మరో రెండు ముగింపులు రాశాను. ఒకటి "తీసేశానంతే". ఇంకొకటి "తడవనిస్తా". రెండూ అయిదే. పైకి చదివి చూస్తే మొదటిదాంట్లో ఊపు ఉంది, రెండోదాంట్లో హాయి ఉంది. ఆరోజు నేను "తడవనిస్తా" ఉంచాను. బట్టలు తడిశాయి. మర్నాడు ఎండకు ఆరాయి. తడిస్తే ఏమవుతుందోనని ఎంతసేపు గుమ్మంలో నిలబడ్డానో తలచుకుంటే, జరిగింది ఎంత చిన్నదో అర్థమైంది.

7. తేదీ వేసి పేజీ తిప్పండి.

ఒక రోజంతా ఆ పేజీ ముట్టుకోకండి. హైకూకు ఆ పేరు స్థిరపరిచిన మసావొకా షికి జపాన్‌లోని మత్సుయామా ఊరివాడు. ఆ ఊళ్ళో హైకూలు వేయడానికి ప్రత్యేకంగా పెట్టెలు ఉన్నాయి. దారినపోయేవాళ్ళు చీటీ మీద రాసి అందులో వేసి వెళ్ళిపోతారు. పెట్టెలో పడ్డాక మళ్ళీ చేయి పెట్టి దిద్దడం ఉండదు. మీ పేజీ మడత కూడా అలాంటి పెట్టే అనుకోండి.

ఇంట్లో ఆడదగిన రెండు ఆటలు

ఒంటరిగా రాయడం అలవాటయ్యాక, రాబోయేది తెలియకపోవడాన్ని కొంచెం పెంచుదాం.

మొదటిది మన అష్టావధానం నుంచి. ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య అవధాని కూర్చుంటాడు. అందులో నిషిద్ధాక్షరి అనే అంశం చూశారా? అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రావచ్చో పృచ్ఛకుడు ఊహించి ఆ అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని ఇంకో అక్షరం వెతుక్కుంటాడు, దాని తర్వాతదీ నిషేధిస్తారు. దారి మూసిన ప్రతిసారీ ఇంకో దారి తీస్తూ పద్యం నడుస్తుంది. "ముందు చెప్పి ఉంటే బాగుండేది" అని అవధాని అలగడు.

మీరు ఒక్క మాటతో ఆడండి. మీ అబ్బాయినో, మీ చెల్లెలినో పృచ్ఛకుల్ని చేయండి. మీరు "వాన" అందామనుకుని "వా" అన్నారు. అబ్బాయి "న వద్దు" అన్నాడు. మీరు "కి" అన్నారు. వాడు "లి వద్దు" అన్నాడు. మీరు "ట" అన్నారు. వాన అందామని బయల్దేరినవారు వాకిట నిలబడ్డారు! అనుకున్నది జరగనప్పుడు ఏం చేయాలో ఇంతకంటే సరదాగా నేర్పే ఆట నాకు తెలియదు.

రెండోది రెంగా. జపాన్‌లో కొందరు కవులు కలిసి గొలుసుగా రాసే కవిత ఇది. ఒకరు అయిదు, ఏడు, అయిదు రాస్తారు. ఇంకొకరు ఏడు, ఏడుతో అందుకుంటారు. మళ్ళీ ఇంకొకరు అయిదు, ఏడు, అయిదు. ఆ గొలుసులో మొదటి ముక్కే కాలక్రమంలో విడివడి హైకూ అయింది. అంటే హైకూ పుట్టుకలోనే ఒక సంగతి ఉంది: నేను మొదలుపెడతాను, ఎటు వెళుతుందో నా చేతుల్లో లేదు. మీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈ ఆదివారం మొదటి ముక్క పెట్టి చూడండి. మీ వానను మీ బావగారు పెళ్ళిపందిట్లోకి తీసుకెళ్ళవచ్చు. వెళ్ళనివ్వండి.

మీ పెద్ద ప్రశ్నను కవితలోకి తెచ్చే పద్ధతి

కొన్ని రోజులు చిన్నవాటితో గడిచాక, ఇప్పుడు దండెం మీద మిగిలిపోయినదాన్ని పట్టుకుందాం. అమ్మ సంగతే తీసుకోండి. "తీసుకొచ్చేయాలా, అక్కడే వదిలేయాలా" అని నెలల తరబడి నలుగుతున్నారనుకుందాం.

మొదటి రెండు పాదాల్లో మీ అభిప్రాయం రానివ్వకండి. కనిపించేదే రాయండి:

అమ్మ ఒక్కతే
మామిడిచెట్టు నీడ

ఇప్పుడు మూడో పాదం. మొదటి దారి: "తీసుకొస్తాను". అయిదు. రెండో దారి: "ఆవిడ ఇష్టం". అయిదు. ఆగకండి, మూడోసారి కూడా రాయండి. పెన్ను కాసేపు ఆగుతుంది, తర్వాత ఏదో ఒకటి వస్తుంది. ఉదాహరణకు: "నేనే వెళ్తాను".

గమనించారా? ఇన్నాళ్ళూ మీ తలలో తిరిగిన ప్రశ్నలో ఈ జవాబు అసలు లేదు. అటా, ఇటా అని రెండే తలుపులు చూస్తూ కూర్చున్నారు. నెలకోసారి మీరే వెళ్ళి నాలుగు రోజులుండి రావడమనే మూడో తలుపు, మామిడిచెట్టు నీడ రాశాక కనిపించింది. ఆ నీడ వదిలి ఆవిడ రాలేరని మీకు ముందే తెలుసు. కవిత దాన్ని మీ ముందు పెట్టిందంతే.

ఇక మిగిలింది: మూడు ముగింపుల్నీ పైకి చదవండి. ఏది చదివినప్పుడు గొంతు తేలికపడుతుందో దాని పక్కన టిక్కు పెట్టండి. ఒక రాత్రి నిద్రపోండి. పొద్దున్న కూడా అదే అనిపిస్తే, దాని కింద ఒక చిన్న పని, ఒక తేదీ రాయండి. "శనివారం రాత్రి బస్సుకు టిక్కెట్టు" అన్నంత చిన్న పని. ఉద్యోగం సంగతైతే "బుధవారం ఆ ఆఫీసుకు ఫోన్". చదువు సంగతైతే "సోమవారం దరఖాస్తు ఫారం". వెనక్కి తీసుకోగలిగిన అడుగుతో మొదలుపెడితే కాళ్ళు వణకవు.

తరచూ చేసే పొరపాట్లు

"మంచి కవిత రావాలి" అనుకోవడం. మీరు పత్రికకు పంపడం లేదు. పేలవంగా వచ్చినా పూర్తి చేసిన హైకూ మీ పని చేసిపెట్టినట్టే.

లెక్క కోసం "అహో", "మరి", "కదా" అని నింపడం. అక్షరాలు చాలకపోతే తక్కువగానే వదిలేయండి. ఖాళీని ఏదో ఒకదానితో పూడ్చేయాలనే తొందరే, ఇష్టం లేని పనులకు మన చేత తల ఊపిస్తుంది.

రెండు ముగింపుల్నీ అయిదుగురికి పంపి "ఏది బాగుంది" అని అడగడం. అయిదుగురూ అయిదు చెబుతారు, మీరు మళ్ళీ గుమ్మంలోకి వస్తారు. ఉంచేది ఉంచాక చూపించండి, ముందు వద్దు.

దిద్దుతూనే ఉండటం. జపాన్ హైకూ కవి బషో 1689లో ఎడో నగరంలోని తన కుటీరాన్ని ఇతరులకు ఇచ్చేసి, శిష్యుడు సొరాతో ఉత్తరదేశానికి కాలినడకన బయల్దేరాడు. దాదాపు అయిదు నెలలు, సుమారు 2,400 కిలోమీటర్లు. ఆ యాత్ర గురించి రాసిన పుస్తకాన్ని తర్వాత కొన్నేళ్ళు దిద్దుకుంటూ వచ్చాడు. 1694లో ఆయన పోయాక, 1702లో అది అచ్చయింది. ఆయన దిద్దలేదని కాదు. కానీ ముందు నడిచాడు, నడిచి వచ్చాక దిద్దాడు. మనం గడప దాటకముందే యాత్రను దిద్దుతూ కూర్చుంటున్నాం.

కవిత దగ్గరే ఆగిపోవడం. కింద పని, తేదీ లేకపోతే అది కూడా ఇంకో రకం నాన్చుడే అవుతుంది.

అన్నిటికీ ఇదే మందనుకోవడం. గుండెల్లో నొప్పి వస్తే హైకూ రాయకండి, ఆసుపత్రికి వెళ్ళండి. ఇల్లు కొనేముందు దస్తావేజులు లాయరుకు చూపించండి. తెలుసుకోవాల్సినవి తెలుసుకున్నాక కూడా అడుగు పడటం లేదు చూశారూ, అక్కడ ఈ పద్ధతి పనికొస్తుంది.

ఎంత తెలిస్తే చాలు?

ఈ ప్రశ్నకు జవాబు రైతు దగ్గర ఉంది. తొలకరి చినుకు పడగానే విత్తేయడు. మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూస్తాడు. నేల పదునెక్కిందా లేదా? పదును లేకపోతే ఆగుతాడు. ఆ ఆగడం నాన్చడం కాదు, ఎందుకు ఆగాడో ఆయనకు తెలుసు. పదునెక్కిందా, ఇక విత్తుతాడు. రెండో వాన ఎప్పుడో ఆయనకెవరూ హామీ ఇవ్వరు. ఆ హామీ కోసం కూర్చుంటే పదును ఆరిపోతుంది. మీ విషయంలో నేల పదునెక్కి ఎన్నాళ్ళైంది? మొదట్లో తెలిసినదానికంటే ఇవాళ మీకు కొత్తగా తెలిసింది ఏమైనా ఉందా? లేకపోతే, మీరు ఎదురుచూస్తున్నది రెండో వాన కోసం. నేను రాసుకున్న ఈ నానీని నోటుబుక్కు మొదటి పేజీలో ఉంచుకున్నాను:

గింజ అడగలేదు
రెండో వానెప్పుడని
మట్టిలో
కళ్ళు మూసుకుంది

అయినా భయం మిగిలే ఉంటుంది. తప్పయితే? అవచ్చు. మీరు వానకు సిద్ధపడితే ఇంకేదో రావచ్చు. ఆ ఇంకేదో ఎప్పుడూ చెడ్డదే అయి ఉండాలా? ఒక రాత్రి డాబా ఎక్కినప్పుడు వచ్చిన నానీ ఇది:

వాన వస్తుందని
గొడుగు తెచ్చాను
వెన్నెల కాసింది
తడిసిపోయాను

ఈ వారం మీ పని

సోమవారం: కిటికీలోంచి కనిపించే ఒక వస్తువు మీద హైకూ.
మంగళవారం: అదే వస్తువు, రెండు ముగింపులు. ఒకటి ఉంచండి.
బుధవారం: టిఫిన్ దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఏదైనా ఒక చిన్న ఎంపికను ఒక్క నిమిషంలో తేల్చండి. రాత్రికి దాని మీద నానీ.
గురువారం: ఇంట్లో నిషిద్ధాక్షరి.
శుక్రవారం: తెలియని వీధిలో పావుగంట నడక, వచ్చాక హైకూ.
శనివారం: మీ పెద్ద ప్రశ్న. మొదటి రెండు పాదాలే. మూడోది రాయకండి, నిద్రపోండి.
ఆదివారం: మూడు ముగింపులు, ఒక టిక్కు. మర్నాడు పొద్దున్న కూడా అదే అనిపిస్తే ఒక చిన్న పని, ఒక తేదీ.

వారం చివర మీ చేతిలో కొన్ని కవితలుంటాయి. వాటికంటే ముఖ్యంగా, కొట్టేసిన మాటల మీద కొన్ని గీతలుంటాయి. ఆ గీతల్ని ప్రేమగా చూసుకోండి. ఒక్కో గీత మీరు గుమ్మం దాటిన గుర్తు.

సోమవారం దాకా ఆగడం దేనికి? పెన్ను తీయండి. రెండు పాదాలు నేను ఇస్తున్నాను:

గేటు చప్పుడు
ఎవరో వస్తున్నారు

మూడో పాదం మీది. అయిదు అక్షరాలు.